బర్మీసా, పోలిషా: తెలుగువాళ్లకి ఏది ఎక్కువ కష్టం?

గోదారిగట్టు:
అమెరికా దౌత్య ఉద్యోగులకి భాషలు నేర్పే ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ పట్టికలో బర్మీస్, పోలిష్ ఒకే వరసలో ఉన్నాయి. రెండూ కష్టమైన భాషలేనట, ఒక్కోదానికి సుమారు 44 వారాలు, 1100 క్లాసు గంటలు. అదే వరసలో తెలుగు కూడా ఉంది! కానీ అది ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ల కోసం వేసిన లెక్క. తెలుగులో పుట్టి పెరిగిన మనకి కూడా ఈ రెండూ సమానంగా కష్టమేనా? నేనైతే బర్మీసే తేలిక అంటాను. మన వాక్యం ఎలా నడుస్తుందో అదీ అలాగే నడుస్తుంది: కర్త, కర్మ, చివర క్రియ. పోలిష్‌లో నామవాచకాన్ని ముట్టుకుంటే చాలు, రూపం మారిపోతుంది. కాదనేవాళ్లు రండి.

వ్రోత్స్వాఫ్ శ్రీను:
వచ్చాను. వాక్యం సంగతి తర్వాత, ముందు నోరు తిరగాలి కదా. బర్మీస్‌లో 'ఖా' ఒక్కటే నాలుగు మాటలు. గొంతు కిందే ఉంచి సాగదీస్తే ఊపడం, పైకెత్తి సాగదీస్తే చేదు, గొంతు బిగించి పొట్టిగా అంటే కొలువు చేయడం, చటుక్కున ఆపేస్తే కొట్టడం. ఇలా గొంతు ఎత్తుదింపులతో మాట అర్థం మారిపోవడం తెలుగులో లేనే లేదు. మనం ప్రశ్న వేసినా, కోపమొచ్చినా గొంతు లేపుతాం. అక్కడ అలా లేపితే వేరే మాట అయి కూర్చుంటుంది.

పోలిష్‌లో భయపెట్టేది స్పెల్లింగు ఒక్కటే. ఇంగ్లీషు అలవాటుతో చూస్తే 'లోద్జ్' అనిపించే ఊరు పేరుని 'వుచ్' అనాలి. సరే. కానీ నియమాలు ఒకసారి పట్టుబడ్డాక ఏ బోర్డునైనా చూసి చదివేయొచ్చు. మాటలో ఒత్తి పలికే బరువు దాదాపు ఎప్పుడూ చివరి నుంచి రెండో అక్షరం మీదే. పైగా స, శ, ష మూడూ అక్కడ వేరువేరు శబ్దాలు. ఇంగ్లీషువాళ్లు శ, ష తేడా పట్టుకోలేక తంటాలు పడతారు, మనకి ఒకటో తరగతిలోనే చెప్పారు. 'చల్ల'లో చ వేరు, 'చెట్టు'లో చ వేరని కూడా మన నోటికి తెలుసు. పోలిష్‌లో చ జాతి శబ్దాలు మూడు. రెండు మన ఇంట్లోవే.

తూర్పుగాలి:
శ్రీను గారూ, తెలుగు అజంత భాష. బస్‌ని బస్సు చేసుకున్నవాళ్లం, రోడ్‌ని రోడ్డు చేసుకున్నవాళ్లం. పోలండ్‌లో ష్చెబ్‌జెషిన్ అనే ఊరుందట. బస్సు టికెట్ అడగడానికి ఆ మొదటి అక్షరం దాటేలోపే బస్సు వెళ్లిపోతుంది. బర్మీస్ అక్షరం చూడండి: అచ్చుతో ఆగుతుంది, లేదా ముక్కుతో, లేదా గొంతు బిగింపుతో. చివర వేరే హల్లు లేదు. మన నోటికి అంతకన్నా ఏం కావాలి?

పెద్దబాలశిక్ష:
ఉచ్చారణ మీద కొట్టుకుంటే ఇది తెగదు. ఎవరి నోరు వాళ్లది. భాష బుర్రలోకి ఎలా ఎక్కుతుందో చూద్దాం. ఈ విషయంలో బర్మీస్ మనకి ఎంత దగ్గరో చాలామందికి తెలియదు.

'తిని చూడు' అంటాం. తినడం, చూడడం రెండు పనులు కావు, రుచి చూడమని. బర్మీస్‌లోనూ 'తిను', 'చూడు' అనే క్రియలు పక్కపక్కన పెడితే ఇదే అర్థం. 'రాసి పెట్టు' అన్నా అంతే: రాయి, పెట్టు, రెండూ కలిపి అదే భావం. 'నిన్న తిన్న అన్నం' అనడానికి పోలిష్‌లో అన్నం ముందు చెప్పి, తర్వాత 'ఏదైతే' లాంటి మాట పెట్టి, దాన్ని లింగ వచన విభక్తులకి సరిపోయేలా మార్చి, అప్పుడు తినడం గురించి చెప్పాలి. బర్మీస్‌లో వాక్యం చివర వచ్చే 'తే' అనే ముక్కని గొంతు బిగించి పొట్టిగా అంటే చాలు, 'తిన్నాను' కాస్తా 'తిన్న' అయిపోతుంది. అన్నం దాని వెనక వచ్చి కూర్చుంటుంది. ఇంకోటి, మన 'అని'కి సమానంగా 'లో' ఉంది. 'రాడట' అనేటప్పటి 'అట' కూడా వాక్యం చివర చిన్న ముక్కగా ఉంది! ఊరి కబుర్లు మోయడానికి ఆ ఒక్క ముక్క లేకపోతే తెలుగువాడు ఏ భాషలో అయినా ఊపిరాడక పోతాడు. పోలిష్‌లో దానికి విడిగా 'పొదోబ్నో' లాంటి మాట వేసుకోవాలి.

కర్మకి బర్మీస్‌లో 'కో' చేరుస్తారు. మనుషులైతే ఎక్కువగా, వస్తువులైతే మాటల్లో వదిలేస్తారు. మనమూ 'పుస్తకం చదివాను' అంటాం, 'రాముణ్ణి చూశాను' అంటాం. అదే పద్ధతి.

క్రియ సంగతి చెప్పనే లేదు. నేను, నువ్వు, ఆయన, వాళ్లు, ఎవరైనా క్రియ ఒకటే. ఈ మాటకొస్తే తెలుగే కష్టం.

వ్రోత్స్వాఫ్ శ్రీను:
ప్రాణం ఉన్నదీ లేనిదీ తేడా పోలిష్‌లోనూ ఉంది సార్. బల్లని చూశాను అంటే 'స్తూవ్' అలాగే ఉంటుంది. కుక్కని చూశాను అంటే 'ప్యెస్' కాస్తా 'ప్సా' అవుతుంది. విభక్తులు ఏడు అని బెదిరిస్తారు గానీ, సంబోధనతో కలిపి ఎనిమిది వల్లించిన మనకి ఏడు ఎక్కువా?

పెద్దబాలశిక్ష:
విభక్తుల లెక్క కాదు తమ్ముడూ. తెలుగులో 'కి' నేర్చుకుంటే ఏ మాటకైనా 'కి' (లేదా 'కు'). పోలిష్‌లో అదే విభక్తికి పుంలింగానికి ఒకటి, స్త్రీలింగానికి ఒకటి, బహువచనానికి ఇంకోటి, మధ్యలో హల్లులు మెత్తబడడం వేరే. శబ్దమంజరి రోజులు గుర్తుకొస్తాయి. సంస్కృతం చదివినవాళ్లకి కొంత మేలేమో, అవి రెండూ దూరపు చుట్టాలే కాబట్టి.

మోల్మీన్ మనవడు:
మా తాతగారు బర్మాలోని మోల్మీన్ రేవులో పనిచేసి 1942లో కాలినడకన తిరిగొచ్చిన వాళ్లలో ఒకరు. ఇంట్లో పెద్దవాళ్లు మాకు అర్థం కాకూడదనుకుంటే బర్మీస్‌లోకి మారిపోయేవారు. అంత ధారాళంగా మాట్లాడే మా నాయనమ్మకి బర్మీస్ ఒక్క అక్షరం చదవడం రాదు. ఈ చర్చలో చదవడం గురించి అందరూ దాటేస్తున్నారు.

అక్షరమాల చూడగానే మనవాళ్లు సంబరపడతారు. క ఖ గ ఘ ఙ అదే వరస, గుణింతాలు, బౌద్ధ గ్రంథాల భాష పాళీ నుంచి వచ్చిన మాటల్లో వత్తులు, గుండ్రటి అక్షరాలు. తీరా చదివితే చ అని రాసింది స అవుతుంది. స అని రాసింది ఇంగ్లీషు 'థింక్' మొదట్లో వచ్చే శబ్దం అవుతుంది. ర అని రాసింది చాలాచోట్ల య. రంగూన్ యాంగోన్ కావడం వెనక ఉన్నది ఇదే. 1989లో ప్రభుత్వం మార్చింది ఇంగ్లీషు స్పెల్లింగునే, బర్మీస్ రాత ఎప్పటిలాగే ర తోనే ఉంది. చివర క, త, ప ఏది రాసినా హల్లుగా వినిపించేది గొంతు బిగింపు ఒక్కటే. ఎప్పుడో వందల ఏళ్ల కిందటి ఉచ్చారణని రాతలో అలాగే ఉంచేశారు. పాత రాజధాని పాగాన్ దగ్గరి మ్యజేడి శాసనం 12వ శతాబ్దం మొదట్లోది, ప్యూ, మోన్, పాళీ భాషలతో పాటు బర్మీస్‌లో చెక్కింది. రాతకి అంత వయసుంది మరి.

దీనికి తోడు రాసే బర్మీస్ వేరు, మాట్లాడే బర్మీస్ వేరు. వాక్యం చివర మాటల్లో 'తే' అంటే రాతలో ఇంకోటి రాయాలి. మనకి గిడుగు రామమూర్తి గారు పోరాడి పెట్టారు కాబట్టి సరిపోయింది. అక్కడ కూడా 1960ల మధ్యలో కొందరు రచయితలు వాడుక భాషలోనే రాద్దామని ముందుకొచ్చారు. అయినా ప్రభుత్వ కాగితాలూ వార్తలూ ఇప్పటికీ పాత పద్ధతిలోనే ఉంటాయి. అంటే బర్మీస్ నేర్చుకునేవాడు ఒకటిన్నర భాష నేర్చుకోవాలి.

తూర్పుగాలి:
ఫోన్‌లో టైపు చేసే గొడవ కూడా కలపండి అన్నా. చాలా ఏళ్లు అక్కడ జౌజీ అనే ఫాంటే రాజ్యమేలింది. 2019 అక్టోబర్‌లో దేశం అధికారికంగా ప్రపంచమంతా వాడే యూనికోడ్‌కి మారింది. అంతకుముందు నెట్‌లో పెట్టిన పాఠాలు ఇప్పుడు తెరిస్తే చాలావాటిలో అక్షరాలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి.

లక్ష్మీప్రసన్న:
వార్సా నుంచి ఒక ఆడకూతురి ఫిర్యాదు. పోలిష్ బహువచనంలో మగవాళ్లు ఉన్న గుంపుకి ఒక క్రియారూపం, మిగతా అన్నిటికీ ఇంకో రూపం. మిగతా అంటే ఏవి? ఆడవాళ్లు, కుక్కలు, కుర్చీలు. పదిమంది ఆడవాళ్లలో ఒక్క మగవాడు చేరితే చాలు, 'ప్షిష్వి' వెళ్లి 'ప్షిష్లి' వస్తుంది. క్లాసులో నేను ముఖం చిట్లించుకుంటే టీచర్ నవ్వింది. తర్వాత ఆలోచిస్తే, మన తెలుగు ఏం తక్కువ తింది? 'వాడు వచ్చాడు', కానీ 'అమ్మాయి వచ్చింది, కుర్చీ వచ్చింది'. ఏకవచనంలో మనం చేసిన పనే వాళ్లు బహువచనంలో చేశారు. అందుకే ఆ నియమం నాకు తొందరగా ఎక్కింది. పక్కన కూర్చున్న వేరే దేశాలవాళ్లు ఇంకా గింజుకుంటున్నారు.

మర్యాద విషయంలో మాత్రం నా ఓటు బర్మాకే. పోలిష్‌లో కొత్తవాళ్లని 'పాన్', 'పాని' అని, 'ఆయనకి తెలుసా' అన్నట్టు ప్రథమ పురుషలో అడగాలి. ఎదురుగా ఉన్న మనిషిని ఎక్కడో ఉన్నట్టు మాట్లాడడం ఇప్పటికీ వింతగానే ఉంటుంది. బర్మాలో పెద్దాయన్ని 'ఊ', పెద్దావిడని 'డా', అన్న వయసువాణ్ణి 'కో', అక్కని 'మ' అని పిలుస్తారు. ఐక్యరాజ్య సమితికి ప్రధాన కార్యదర్శిగా చేసిన ఊ థాంట్ పేరులో ఊ అదే. ఇంటిపేర్లు లేవు, వరసలే. మన బజారులో 'బాబాయ్, టమాటా ఎంత' అన్నట్టే.

గోదారిగట్టు:
చూశారా, వార్సాలో ఉన్నావిడే ఒప్పుకున్నారు.

వ్రోత్స్వాఫ్ శ్రీను:
సగమే ఒప్పుకున్నారు, మొదటి సగం మళ్లీ చదవండి. ఇంకోటి, ఇక్కడ పోలండ్‌లో ఈయూ దీర్ఘకాలిక నివాస అనుమతి కావాలంటే బి1 స్థాయి, అంటే ఓ మోస్తరుగా వచ్చినట్టు, పోలిష్ సర్టిఫికెట్ చూపించాలి. మెడ మీద ఆ టెన్షన్ ఉంటే భాష దానంతట అదే వస్తుంది.

పెద్దబాలశిక్ష:
అది అవసరం గురించి, కష్టం గురించి కాదు. సరే, ఒక్క లెక్క చెప్పు. కుక్కలు రెండైతే ఏమంటారు, అయిదైతే ఏమంటారు?

వ్రోత్స్వాఫ్ శ్రీను:
రెండు, మూడు, నాలుగు వరకూ 'ప్సి'. అయిదు నుంచి 'ప్సూఫ్', క్రియ కూడా ఏకవచనంలోకి పోతుంది. 12 అయినా 'ప్సూఫ్', 22కి మళ్లీ 'ప్సి'. నవ్వకండి! బర్మీస్‌లో మాత్రం? కుక్క, రెండు, ఆ తర్వాత జంతువులని లెక్కపెట్టే మాట. మనుషులకి వేరే మాట, భిక్షువులకి వేరే, బండ్లకి వేరే, పొడుగు వస్తువులకి వేరే, గుండ్రటివాటికి వేరే. మా దగ్గర నియమం రెండు ముక్కల్లో అయిపోతుంది, అక్కడ ప్రతి వస్తువుకీ బట్టీ పట్టాలి.

మోల్మీన్ మనవడు:
వస్తువుల దగ్గర గుర్తు రాకపోతే 'ఖు' అనేస్తే సరిపోతుంది, కొట్టువాడికి అర్థమవుతుంది. మనుషులకి మాత్రం 'ఖు' వాడకండి. 'రెండు అతిథులు వచ్చాయి' అంటే మన ఇంట్లో పెద్దవాళ్లు ఎలా చూస్తారో, వాళ్లూ అలాగే చూస్తారు.