‘పడదు’ అంటే ఎంత పడదు?

ప్రశ్న: అలర్జీ లక్షణాల మీద చిన్న కరపత్రం రాస్తున్నాను. ‘అలర్జీ’ అన్న చోటల్లా ‘పడకపోవడం’ అని పెట్టేయవచ్చా? ‘నాకు ఆ మందు పడదండీ’ అనే కదా అందరూ అనేది. అచ్చ తెలుగు మాట ఉండగా అరువు మాట ఎందుకని. పెద్దలు చెప్పగలరు.

జవాబు: అలర్జీ ఇంగ్లిషు వాళ్లకీ అరువేనండీ. 1906లో క్లెమెన్స్ ఫాన్ పిర్కే అనే వియన్నా పిల్లల వైద్యుడు గ్రీకు ముక్కలు రెండు, ‘ఆలోస్’ (వేరు), ‘ఎర్గాన్’ (పని) అతికించి తయారుచేశాడు. అందరి నోటా నలిగింది కాబట్టి అలాగే ఉంచేయండి.

‘పడదు’తో నా పేచీ వేరే. పాలు తాగితే కడుపు ఉబ్బి, విరేచనాలయ్యే మనిషీ ‘నాకు పాలు పడవు’ అంటాడు. పాలచుక్క నోట్లో పడ్డ కాసేపటికే పెదవులు వాచే మనిషీ అదే మాటంటాడు. మొదటాయనకి పాలలోని చక్కెరని అరిగించే ఎంజైము చాలదు, అంతే. అవస్థే గానీ ప్రాణం మీదికి రాదు. రెండో ఆయనకి రోగనిరోధక వ్యవస్థే పాల ప్రోటీన్‌ని శత్రువనుకుని విరుచుకుపడుతోంది. మాట ఒకటే, ప్రమాదం మాత్రం ఆమడదూరం. ఇక మాత్ర వేసుకుంటే వికారంగా ఉందన్నా ‘పడలేదు’ అనేస్తాం. పెన్సిలిన్ పడదని చీటీలో రాయించుకున్న పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి, పరీక్ష చేసి చూస్తే అలర్జీ లేదనే తేలుతుంది. ఆ చీటీ వల్ల వాళ్లకి వాడదగిన మంచి మందు ఊరికే దూరమవుతుంది. అందుకే డాక్టర్లు ‘పడదంటే ఏమవుతుంది?’ అని గుచ్చి అడుగుతారు. మీ కరపత్రం ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలి.

మరో సభ్యుడు: ‘వికటించడం’ ఎలా ఉంటుంది? పత్రికల్లో ‘ఇంజక్షన్ వికటించి’ అని రాస్తారుగా.

జవాబు: అది అంతా అయిపోయాక వార్త రాసేవాళ్ల మాట. అవుతుండగా ఏ రోగీ ‘నాకు వికటిస్తోంది’ అనడు. అప్పుడు నోటికొచ్చే మాటలు వేరు, తీవ్రత తెలిసేది వాటిలోనే. నన్నడిగితే నామవాచకం కోసం వెతకడం మాని ఆ మాటలు పోగేయండి.

‘ఒళ్లంతా దురద, దద్దుర్లు లేచాయి’ అన్నది ఎక్కువగా వినబడేది. దద్దు ఉబ్బెత్తుగా, అంచు ఎర్రగా ఉంటుంది. ఒకచోట అణిగి మరోచోట లేస్తుంది, ఏ ఒక్క దద్దూ సాధారణంగా రోజు దాటి నిలవదు, మచ్చా మిగలదు. ఒంటి మీద ఇదొక్కటే ఉంటే చాలామందికి యాంటీహిస్టమిన్ (అలర్జీ దురద తగ్గించే మందు) మాత్రతో సర్దుకుంటుంది. కనురెప్పలో పెదవులో ఉబ్బితే పక్కనే ఉండి కనిపెట్టాలి.

నాలుక మందమైందన్నా, ‘గొంతు పట్టేస్తోంది’ అన్నా, మాట బొంగురుపోయినా, మింగుడు పడకపోయినా ఇక కనిపెట్టడాలు లేవు. ఊపిరి తీస్తే పిల్లికూతలు, ఆయాసం, ‘కళ్లు బైర్లు కమ్ముతున్నాయి’ అనడం కూడా ఆ కోవలోవే. దద్దుర్లతో పాటు వీటిలో ఒక్కటి చేరినా అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన అలర్జీ అనే అనుకోవాలి. దద్దుర్లతో కలిసి ఆగకుండా వాంతులవుతున్నా అంతే. ఇదంతా సాధారణంగా పడని వస్తువు తగిలిన నిమిషాల్లోనో, గంటా రెండు గంటల్లోనో మొదలవుతుంది.

‘నాకేదో అయిపోతోంది, భయమేస్తోంది’ అన్న మాటని మనం కంగారు కింద కొట్టేస్తాం. అనాఫిలాక్సిస్‌లో అది నిజంగా ఒక లక్షణం. పసిపిల్లలు ఆ మాటా అనలేరు. నాలుక గీక్కుంటారు, ఏడుపు గొంతు మారుతుంది, లేదా అంతవరకూ ఏడ్చినవాళ్లు తోటకూర కాడలా వాలిపోతారు. నిద్రొచ్చిందనుకునే ప్రమాదం ఉంది.

ఇంకో సభ్యురాలు: దద్దుర్లే లేవకపోతే అలర్జీ కానట్టేనా?

జవాబు: కాదమ్మా. అనాఫిలాక్సిస్ వచ్చినవాళ్లలో వందకి పది, ఇరవై మందికి చర్మం మీద ఏమీ కనబడదు. పడదని తెలిసిన వస్తువు తగిలాక గొంతో, ఊపిరో, రక్తపోటో దెబ్బతింటే అంతే చాలు.

అప్పుడు మందు ఎపినెఫ్రిన్, అంటే అడ్రినలిన్. తొడ బయటివైపు కండలోకి వెంటనే ఇవ్వాలి. యాంటీహిస్టమిన్ మాత్ర వేసి చూద్దామనుకుంటే కాలం పోతుంది. అది దురద తగ్గిస్తుంది గానీ మూసుకుపోతున్న గొంతుని తెరవదు, పడిపోతున్న రక్తపోటుని లేపదు. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తున పెట్టాలి. ఊపిరాడకపోతే కూర్చోనివ్వాలి. బానే ఉన్నానన్నా లేచి నడవనివ్వకూడదు. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాల్లో రెండో డోసు ఇవ్వాల్సి రావచ్చు. తగ్గాక కొన్ని గంటలకి మళ్లీ తిరగబెట్టవచ్చు కాబట్టి ఆసుపత్రిలో ఉంచి చూస్తారు. (చూశారా, ‘తిరగబెట్టడం’! ఇలాంటివి మనకి దండిగా ఉన్నాయి.)

మొదటి సభ్యుడు: ధన్యవాదాలండీ. మరి పడిశం సంగతి? ముక్కు కారడం రెంటిలోనూ ఉందిగా.

జవాబు: పడిశమైతే వారం, పది రోజుల్లో వదులుతుంది, గొంతునొప్పో ఒళ్లు వెచ్చబడటమో తోడుంటుంది. అలర్జీకి జ్వరం రాదు. నీళ్లలా కారడం, వరసపెట్టి తుమ్ములు, ముక్కూ కళ్లూ దురద, అదీ వారాల తరబడి. చిరాకే తప్ప ప్రమాదం తక్కువ, ఒక్క వాక్యం చాలు.

మొదటి సభ్యుడు: అయితే ముఖ్యమైన వాక్యం ఇలా రాశాను: ‘కంఠావరోధం, శ్వాసకృచ్ఛ్రం, మూర్ఛ కలిగినచో తక్షణ వైద్యసహాయం పొందవలెను.’

జవాబు: అయ్యా, అది చదివి అర్థం చేసుకునేలోపు డోసు టైము దాటిపోతుంది. ‘గొంతు పట్టేసినా, ఊపిరాడకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా వెంటనే అంబులెన్స్ పిలవండి. ఎపినెఫ్రిన్ దగ్గరుంటే ముందు అది వేయండి’ అని రాయండి. ‘మూర్ఛ’ మాత్రం తీసేయండి, చాలామంది దాన్ని ఫిట్స్ అనుకుంటారు.