మోచేతి మోటారు పట్టీ జారుతుంది, ఎట్లా ఆపాలె?

నల్గొండ దగ్గర తాటిచెట్టు మీదికెళ్లి పడ్డ గీతకార్మికుడి కోసం మోచేతిని వంచే పరికరం చేస్తున్నం. డాక్టరు 30 నుంచి 100 డిగ్రీల దాకే వంచమన్నరు. ముంజేయి, అరచేయి కలిసి సుమారు 2 కిలోలు, అరకిలో చెంబు పట్టుకున్నా మోచేతి దగ్గర 5 న్యూటన్ మీటర్ల తిప్పే బలం చాలు. 4 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న కప్పీ, సైకిల్ బ్రేకు వైరు, ఆ వైరును గుంజేటందుకు నడుముకు 12 వోల్టుల వైపర్ మోటారు (కారు అద్దం తుడిచేది) పెట్టినం. వైరు ఎక్కువ వంపు తిరిగితే రాపిడికే బలం పోతది, అందుకే వీపు మీదుగా తెచ్చినం.

పరికరం కీలు మోచేతి ఎముక బొడిపెలకు సెంటీమీటరు పైన పడ్డది. వంచినప్పుడల్లా ముంజేతి పట్టీ జారి చర్మం ఒరుసుకపోతుంది. కీలు జరపాల్నా, పట్టీని జారుడు పట్టా మీద పెట్టాల్నా?

ఇంకోటి: వైపర్ మోటారులోని వర్మ్ గేరు (పళ్లచక్రాన్ని తిప్పే మర లాంటి కడ్డీ) చేత్తో వెనక్కి తిరగది. కరెంటు పోతే చేయి అట్లనే ఇరుక్కుంటది. వైరును విడిపించే పిన్ను పెట్టి, దాన్ని గుంజితే చేయి ధబేల్మని పడ్తది, అతుకుతున్న ఎముకకు అది మంచిది కాదు. మెల్లగ దించే ఉపాయం తెలిసినోళ్లు చెప్పండి.