న్యూట్రల్‌లో ఇంజిన్ 2500 దాటట్లేదు, రోడ్డు మీద బాగానే లాగుతోంది

బండి 2015 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 1.2 లీటర్, మాన్యువల్ గేర్లు, కేబుల్ లేని ఎలక్ట్రానిక్ థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలి వదిలే కవాటం). న్యూట్రల్‌లో నిలబెట్టి రేస్ ఇస్తే 2500 ఆర్‌పీఎం దగ్గర ఆగి ఊగుతోంది. పెడల్ పూర్తిగా తొక్కినా అంతే. ఇంజిన్ చల్లగా ఉన్నా వేడెక్కినా తేడా లేదు. రోడ్డెక్కితే మాత్రం మూడో గేరులో 5000 దాకా ఎక్కడా తడబడదు. అమలాపురంలో ఇదే మోడల్ ఇంకో బండి చూశాం, నిలబడే 4000 అందుకుంటోంది. కాబట్టి కంపెనీ పెట్టిన లిమిట్ అనుకోలేం.

థ్రాటిల్ బాడీ విప్పి మసి తీసి, స్కానర్‌తో రీలెర్న్ (దాని స్థానాలు మళ్ళీ నేర్పించడం) చేయించాం. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్ కొత్తవి. ఫ్యూయల్ ప్రెషర్ రేస్ ఇచ్చినప్పుడు కూడా 3.5 బార్ నుంచి కదలట్లేదు. సైలెన్సర్ వైపు అడ్డుందేమోనని ముందు ఆక్సిజన్ సెన్సర్ విప్పి చూసినా అదే తంతు. అసలు క్యాటలిటిక్ కన్వర్టర్ (సైలెన్సర్ దారిలో పొగ శుభ్రం చేసే భాగం) మూసుకుపోతే ముందు లోడ్ మీదే బయటపడాలి కదండీ.

ఎర్రర్ కోడ్లేమీ లేవు. లైవ్ డేటాలో పెడల్ 0 నుంచి 100 శాతం దాకా సాఫీగా ఎక్కుతోంది, థ్రాటిల్ 12 దగ్గరే ఆగుతోంది. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) అడుగుతున్న విలువ కూడా 12యే! అంటే మోటారు ఇరుక్కోలేదు, ఈసీయూయే తెరవనివ్వట్లేదు.

వానల్లో కాలవగట్టు రోడ్డు మీద నీళ్ళు కార్పెట్ దాకా వచ్చాయి, అందుకే పెడళ్ళ దగ్గరి స్విచ్‌ల నుంచి ఈసీయూకి తప్పుడు సిగ్నల్ వెళ్తోందేమోనని అనుమానం. క్లచ్ స్విచ్ కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుముంటే గోకేశాం, మార్పు లేదు. బ్రేకు లైట్లు సరిగ్గానే వెలిగి ఆరుతున్నాయి గానీ, ఆ స్విచ్‌లో ఈసీయూకి వెళ్ళే రెండో కాంటాక్ట్ మా స్కానర్‌లో కనబడదు.

మల్టీమీటర్‌తో ముందు ఏది కొలవమంటారు: బ్రేకు స్విచ్ రెండో కాంటాక్టా, క్లచ్ స్విచ్ వైరా, స్పీడ్ సిగ్నలా?