డిఫరెన్షియల్ విప్పాక బేరింగులు అన్నీ మార్చాలా, పోయినవే మార్చాలా?

పది టైర్లు: టిప్పర్ 40 దాటితే వెనుక హౌసింగులో, అంటే చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్ గేర్ల పెట్టెలో, మూలుగు. యాక్సిలరేటర్ వదిలినా ఆగదు. విప్పిస్తే పినియన్ (చిన్న గేరు) లోపలి బేరింగు కప్పులో (బయటి రింగు) పెచ్చులు లేచి ఉన్నాయి. క్రౌన్ (పెద్ద పళ్ల చక్రం) పక్క బేరింగులు బాగానే కనిపిస్తున్నాయి. అవీ మార్చాలా? ఆయిలు కారకుండా వేసే సీలు ఏ కంపెనీది మంచిది? మొత్తం ఎంతవుతుంది?

గేరుపెట్టె: అన్నీ మార్చండి. ఆ పెచ్చులు ఆయిలుతో పాటు తిరిగి మిగతా బేరింగుల్లోకి పోకుండా ఉంటాయా? డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి ఎంత పొడి అంటిందో చూశారా? ఇంతకీ వెనుకున్న రెండు యాక్సిళ్లలో ముందుదా, వెనుకదా?

ఘాట్‌రోడ్డు: మా బండికి కోను (బేరింగు లోపలి రింగు) మార్చి పాత కప్పు వదిలేశారు. లోడుతో అరకు ఎక్కి దిగేలోపే మళ్లీ అదే మూలుగు.

పాతమేస్త్రి: గీత పడని కప్పును ఎందుకు మార్చాలి? మా నాన్నగారి కాలం నుంచి మాది ఇదే పని. బిగువు సరిపోయిందో లేదో చేత్తో తిప్పితే తెలిసిపోతుంది.

గేరుపెట్టె: చేతికి తెలియదండీ, స్ప్రింగు త్రాసుకు తెలుస్తుంది. దారం చుట్టి లాగి చూడాలి, అదీ సీలు వేయకముందే. సీలు రాపిడి కలిస్తే లెక్క తప్పుతుంది.

పాతమేస్త్రి: త్రాసులు పట్టుకోవడానికి ఇది కూరగాయల కొట్టా? నేను బిగించిన హౌసింగులు ఇప్పటికీ హైదరాబాదు రోడ్డు మీద తిరుగుతున్నాయి.

ఘాట్‌రోడ్డు: తిరుగుతున్నాయి సరే, ఊరంతా వినిపిస్తూనా?

ఆటోనగర్ ప్రెస్సు: పోట్లాట తరువాత. బేరింగు మారితే పినియన్ లోతు మారుతుంది, షిమ్ములు (సందు సరిచేసే పలుచని రేకులు) మళ్లీ చూసుకోవాలి. క్రౌన్ పళ్లకు నీలిరంగు రాసి తిప్పండి. అచ్చు పంటి అడుగున, మొదలు దగ్గర పడితే పినియన్ మరీ దగ్గరైనట్టు. షిమ్ము పినియన్ తల వెనుక ఉంటే తగ్గించాలి, పినియన్ బేరింగులు కూర్చునే కేజ్‌కూ హౌసింగుకూ మధ్య ఉంటే పెంచాలి. ఇక్కడే చాలామంది తిరగేసి చేస్తారు. కొత్త బేరింగుకు గ్యాసు మంట చూపించారో, దాని గట్టిదనం పోయినట్టే. నూనెలో 100 డిగ్రీల దాకా వేడి చేస్తే దానంతట అదే జారి కూర్చుంటుంది.

కంకరలోడు: అసలు లోడు ఎంతో ఎవరూ అడగరేమి? 2018లో పది టైర్ల బండికి మొత్తం బరువు 25 నుంచి 28.5 టన్నులకు పెంచారు. అదీ చాలక అంచుల పైకి పోసి తోలితే ఏ బేరింగు నిలుస్తుంది?

పది టైర్లు: నా లోడు లెక్క మీకెందుకండీ? కిరాయి మీరిస్తారా? సీలు సంగతి అడిగాను, ఖర్చు అడిగాను.

గేరుపెట్టె: సీలు కూర్చునే చోట ఫ్లాంజి (షాఫ్టు తగిలించే భాగం) మీద గోరు పెట్టి చూడండి. గాడి తగిలితే ఏ కంపెనీ సీలైనా కారుతుంది.

పాతమేస్త్రి: గోటికి తెలుస్తుందట, చేతికి మాత్రం తెలియదట!

ఘాట్‌రోడ్డు: బ్రీతర్ (హౌసింగు గాలి రంధ్రం) కూడా శుభ్రం చేయించండి. మట్టితో మూసుకుపోతే లోపలి ఒత్తిడికి కొత్త సీలులోంచి కూడా ఆయిలు తోసుకొస్తుంది.