అణు భద్రతా బోర్డును ఎవరు అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి

మాది కోనసీమ. 2014లో మామిడికుదురు మండలం నగరం ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ పేలి కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయిన దగ్గర్నుంచి, తనిఖీ చేసేవాళ్లను ఎవరు తనిఖీ చేస్తారన్న టెన్షన్ మాకు పోలేదు. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు రియాక్టర్లు అంటున్నారు కాబట్టి అడుగుతున్నా. 1983లో పెట్టిన ఏఈఆర్‌బీ, అంటే అణు ప్లాంట్ల భద్రత చూసే బోర్డు, అణుశక్తి కమిషన్ కింద పనిచేస్తూ వచ్చింది. ఆ కమిషన్ ఛైర్మనే అణుశక్తి శాఖ కార్యదర్శి, అంటే ప్లాంట్లు కట్టించే శాఖకు పెద్ద. 2012లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ కూడా దీన్ని తప్పుబట్టింది. ఈ బోర్డు బదులు చట్టంతో కొత్త భద్రతా సంస్థ పెడతామన్న 2011 నాటి బిల్లేమో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. సర్కారు అజమాయిషీ అసలు వద్దనడం లేదండీ, బోర్డును కూడా ఎవరో ఒకరు నిలదీయాలి కదా. కానీ దాని ఛైర్మన్‌ను తీసేసే అధికారం, బడ్జెట్ ఎవరి చేతిలో ఉంటే మంచిది, పార్లమెంటు చేతిలోనా? తనిఖీ రిపోర్టులు ఆర్‌టీఐలో అడగాలంటే దరఖాస్తు ఎలా రాయాలి?