సైగలతో నాటకం నేర్పేవాళ్లు విజయనగరం వైపు ఉన్నారా?

మా అమ్మాయికి పదిహేనేళ్లు, పుట్టుకతోనే వినపడదు. విజయనగరంలో నాటకానికి తీసుకెళ్తే అరగంటకే ఇంటికి పోదామంటుంది. మొన్న అమెరికాలోని డెఫ్ వెస్ట్ థియేటర్ వీడియో చూపించాను. 1991లో ఒక బధిర నటుడు స్థాపించిన సంస్థ అది. వాళ్ల సైగలు వేరు, మన ఇండియన్ సైన్ లాంగ్వేజ్ వేరు. అయినా రెప్ప వేయకుండా చూసి, "వీళ్లూ నాలాంటివాళ్లేనా?" అని చేతులతో అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు తనలాంటి పిల్లలే ఇంకో ఐదుగురు నాటకం వేస్తామంటున్నారు. ఇక్కడ గానీ శ్రీకాకుళంలో గానీ నేర్పగల బధిర కళాకారులు ఎవరైనా తెలుసా? వినపడేవాళ్లు నేర్పితే పిల్లలు చూసి అనుకరిస్తారేమో, తమలాంటివాళ్లయితే తమ కథే చెబుతారని నా నమ్మకం. విశాఖ అయినా సరే, ప్రతి ఆదివారం తీసుకొస్తాం. చేతులు, ముఖాలు వెనక వరుసకూ కనపడాలంటే లైట్లు ఎలా పెట్టాలో కూడా చెప్పండి.