డబ్లిన్ జార్జియన్ ఇళ్లు: ఆఫీసులకా, కాపురాలకా?

లిఫీ ఒడ్డు: డబ్లిన్‌లో మెరియన్ స్క్వేర్ చుట్టూ ఉన్న జార్జియన్ (జార్జ్ రాజుల కాలపు) వరస ఇళ్లు 1762 తర్వాత కాపురాల కోసం కట్టినవి. ఇప్పుడు చాలావరకు ఆఫీసులే. చీకటి పడితే కిటికీల్లో దీపం ఉండదు. వాటిని మళ్లీ ఇళ్లు చేయాలి.

పాతగోడ: ఆఫీసులొచ్చాయి కాబట్టే నిలబడ్డాయండీ. పైకప్పు బాగుచేయించడం, ఇటుకల సందుల్లో మళ్లీ సున్నం పట్టించడం మాటలా? కాపురాలకే వదిలేస్తే ఏమైందో చూడండి: ఇలాంటిదే హెన్రియెట్టా స్ట్రీట్ 14వ నంబరు ఇంట్లో 1911 జనాభా లెక్కల నాటికి వంద మంది కిక్కిరిసి బతికారు.

లిఫీ ఒడ్డు: లోయర్ ఫిట్జ్‌విలియం స్ట్రీట్‌లో విద్యుత్ బోర్డు 1960ల్లో 16 ఇళ్లు కూల్చేసింది. అప్పటికే అందులో ఉన్నవి దాని ఆఫీసులే కదా!

తెనాలోడు: ఒక్కటే చెక్క మెట్లు. అగ్గి పుడితే ఎలా?

పాతగోడ: లిఫీ ఒడ్డు గారూ, ఆ 16 ఇళ్లు కూల్చినప్పుడు ఇలాంటివాటిని కాపాడే గట్టి చట్టం లేదు. ఇప్పుడివి రక్షిత కట్టడాలు. నేను పనిచేసేది అలాంటి ఇంట్లోనే. కప్పు అంచున అలంకారంగా సున్నంతో చేసిన లతల్లాంటి తీగలు చెక్కుచెదరలేదు.

లిఫీ ఒడ్డు: గది మధ్యలో జిప్సం గోడ పెట్టారా లేదా? అది తీగల్ని ఎక్కడ కోసింది?

పాతగోడ: కోయలేదు. తీగల వంపుకి తగ్గట్టు గోడ పైఅంచునే కత్తిరించారు. రేపు తీసేయొచ్చు.

లిఫీ ఒడ్డు: పెట్టారుగా!

పాతగోడ: తీసేయొచ్చన్నాను. చదవండి.

లిఫీ ఒడ్డు: మేం అలాంటి ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకున్నాం. సున్నం గోడకి సిమెంటు పూశారు. తేమ పోయే దారిలేక మా బాబు మంచం పక్కనే బూజు. ఓనర్‌కి చెబితే కిటికీ తీసుకోమన్నాడు. చివరికి ఆఫీసుకి ఇస్తానని మమ్మల్ని ఖాళీ చేయించాడు.

పాతగోడ: అది మీ ఓనర్‌తో గొడవ. దాన్ని ఊరంతటికీ అంటగట్టకండి.

లిఫీ ఒడ్డు: పిల్లాడు రాత్రంతా దగ్గుతుంటే తెలిసేది మీకు! ఊరి నడిబొడ్డున జీతగాళ్ల కుటుంబాలు ఉండకూడదా?

పాతగోడ: ఇళ్లయితే మాత్రం మనకొస్తాయా? ఆ ధరకి కొనేది కోటీశ్వరులే.

లిఫీ ఒడ్డు: ఇల్లంతా ఒకరికే అనలేదు. అంతస్తుకో ఫ్లాట్. నగరపాలక సంస్థే తీసుకుని అద్దెకివ్వాలి.

పాతగోడ: అంతస్తుకో వంటగది, బాత్‌రూమ్ అంటే పైపుల కోసం పాత చెక్క నేలలు కోయాలి. ఆఫీసు కంటే అదే పెద్ద దెబ్బ.

లిఫీ ఒడ్డు: కోయనివ్వండి. నేల పోయినా సరే, వీధిలో పిల్లలు తిరగాలి.

పాతగోడ: ఆ మాట మొదటే అనాల్సింది. నేను ఒప్పుకోను. పోయిన నేల మళ్లీ రాదు.

తెనాలోడు: పై ఫ్లాట్‌లో పిల్లలు పడుకుంటే బయటికి రెండో దారి ఏదండీ? అదెవరూ చెప్పలేదు.